నర్సమ్మగారికి అంటగట్టిన పాపం

మా ఊరి నర్సమ్మగారు పోయి పన్నెండు రోజులైంది. రిటైరై తొమ్మిదేళ్ళు దాటినా ఊళ్ళో ఆవిడకి ఇంకో పేరు లేదు. పక్షవాతంతో ఆర్నెల్లు మంచాన ఉండి, ఒక పొద్దున కన్నుమూశారు. ఆ కబురు నాకు చెప్పింది మా వీధి ఆవిడే, జాకెట్టు కుట్టమని గుడ్డ తెచ్చి. చెప్పిన నోటితోనే, "ఎంతమందికి కడుపులు తీయించిందో! ఆ పాపం ఊరికే పోతుందా అండీ? అందుకే మంచంలో తీసుకుని తీసుకుని పోయింది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. గుడ్డ ఆవిడ చేతిలోనే పెట్టి పంపేశాను.

పాపమట! ఈ మాట అనేవాళ్ళ ఇళ్ళల్లో నర్సమ్మగారు గడప తొక్కనిది ఒక్కటుందా?

భుజాన సంచి, చేతిలో గొడుగు, కాలవగట్టు మీద గబగబా నడక. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. తిన్నగా వంటింట్లోకి పోయి గోడ మీది క్యాలెండరు చూసేవారు. మా వైపు ఆడవాళ్ళం బయటచేరిన తేదీ పక్కన పెన్నుతో చుక్క పెట్టుకుంటాం, నోములకీ వ్రతాలకీ లెక్క తప్పకుండా. ఆ చుక్కలు చూసే ఎవరికి నెల తప్పిందో, ఎవరికి రక్తం తక్కువైందో కనిపెట్టేసేవారు. మగాళ్ళేమో మజ్జిగ తాగడానికి లోపలికెళ్ళిందనుకునేవాళ్ళు.

మా ఇంటికీ అలాగే వచ్చారు, పన్నెండేళ్ళ క్రితం. రెండోపాపని ఆపరేషన్ చేసి తీసి అప్పటికి ఎనిమిది నెలలు. మా ఆయన సెలవు అయిపోయి మళ్ళీ మస్కట్ వెళ్ళారు. ఆవిడ పాప బరువు చూసి, వంటింట్లోకెళ్ళి క్యాలెండరు తిప్పారు.

"ఒక్క చుక్కా లేదేంటమ్మా?"

"పాలిస్తున్నాను కదండీ. పాలిచ్చినన్నాళ్ళూ ఏం కాదని మా అత్తయ్యగారు చెప్పారు."

"మీ అత్తయ్యగారు చెబితే కడుపు రాకుండా ఆగిపోతుందా? పద, పరీక్ష చేద్దాం."

తొమ్మిది వారాలు. కోసిన కుట్టు ఇంకా లాగుతూనే ఉంది. ఇంత తొందరగా మళ్ళీ మోస్తే ప్రాణానికే ముప్పు రావచ్చని చెప్పి, "నీకేం కావాలి?" అని అడిగారు. పెళ్ళయ్యాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. నాకొద్దండీ అన్నాను.

అత్తగారు ఒంటికాలి మీద లేచారు. "ఈసారి మగపిల్లాడేమో! కడుపులో పడ్డదాన్ని చంపుకుంటామా?" ఫోన్లో మా ఆయన, "అమ్మ ఎలా అంటే అలా చెయ్యి" అన్నారు. అయినా నర్సమ్మగారి వెంట టౌన్లో ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడివాళ్ళు మీ ఆయన సంతకం తెమ్మన్నారు. మస్కట్‌లో ఉన్న మనిషి సంతకం! నా కడుపు మీద అందరి మాటా చెల్లుతుంది, నా మాట తప్ప.

నర్సమ్మగారు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో చట్టం కాగితాల జిరాక్సు ఉంది.

"భర్త సంతకం ఎక్కడుందో చూపించండి. పద్దెనిమిదేళ్ళు నిండిన ఆడమనిషి తన సంతకం తను పెడితే చాలండి. తీరిగ్గా చదువుకోండి, నేనెక్కడికీ వెళ్ళను."

మూడు గంటలు ఆస్పత్రి బల్ల మీద నుంచి ఆవిడ లేవలేదు. చివరికి వాళ్ళు నా సంతకమే తీసుకున్నారు.

ఊరికి మాత్రం మా అత్తగారు, కోడలికి కడుపు నిలవలేదని చెప్పుకొచ్చారు. నిజం బయటపెడితే గుమ్మం ఎక్కనివ్వనని నాకు గట్టిగా చెప్పారు. పన్నెండేళ్ళు నోరు మూసుకున్నాను. నాకూ సిగ్గులేదు.

నర్సమ్మగారు ఉద్యోగంలో చేరిన రోజుల్లో జనాభా పెరిగిపోతోందని పైవాళ్ళు ఆవిడ మీద ఆపరేషన్ల టార్గెట్లు పెట్టేవారట. ఇప్పుడేమో పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండి అంటున్నారు. టీవీలో ఆ మాట వినబడితే ఆవిడ మండిపడేవారు. "అప్పుడు ఆపమన్నారు, ఇప్పుడు కనమంటున్నారు. కనేదాన్ని మాత్రం అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగట్లేదు." మూడోబిడ్డ కావాలనుకున్న ఒకామెకి తొమ్మిది నెలలూ ఐరన్ మాత్రలు మోసుకెళ్ళి ఇచ్చిందీ ఆవిడే. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు.

నిన్న పెద్దకర్మ. పాపాత్మురాలి ఇంట్లో భోజనానికి మాత్రం అందరూ వచ్చారు. ఆడవాళ్ళ పంక్తిలో ఆకుల్లో పప్పు పడిందో లేదో, మా వీధి ఆవిడ మళ్ళీ మొదలెట్టింది. "ఏదేమైనా పాపం మూటగట్టుకుని పోయిందండీ."

నేను లేచి నిలబడ్డాను.  గొంతు బాగానే లేచింది.

"ఆ మూటలో నాదీ ఉంది. నాకు కడుపు నిలవలేదన్నది అబద్ధం, నేను వద్దనుకుంటే ఆవిడ దగ్గరుండి తీయించారు. అందుకే నా పిల్లలిద్దరికీ తల్లి ఉంది."

పంక్తి పంక్తంతా మా అత్తగారి వైపు తిరిగింది. ఇక నన్ను ఇంటికి రావద్దంటారనే అనుకున్నాను. ఆవిడ తలెత్తలేదు.

"నాకూ ఆవిడే తీయించింది" అన్నారు. "మావాడి తర్వాత. రెండుసార్లు."

 నాకు జాలి వేయాలి కాబోలు. వేయలేదు, కోపమే వచ్చింది.

"మరి నన్నెందుకు ఆపారండీ?"

అత్తగారు పప్పూ అన్నం కలుపుతూనే ఉన్నారు. పక్కవాళ్ళు తిని లేచినా, వడ్డించేవాళ్ళు ఆకులు తీసేసి, రెండో పంక్తికి బల్లలు తుడిచేస్తున్నా ఇంకా కలుపుతూనే ఉన్నారు.