బోణీకి ముందు అనకూడని మాట

ఇంటర్ పాసైన నా మనవరాలు మొన్న ఫోన్లో ఏవో ప్రశ్నలకు జవాబులు నొక్కుతూ కూర్చుంది. నలుగురిలో ఉండటం ఇష్టమా, ఒంటరిగా ఉండటమా అని అడిగి, మన స్వభావానికి ఏ ఉద్యోగం నప్పుతుందో అదే చెబుతుందట. సరదాకి నాచేత కూడా నొక్కించింది. వ్యాపారం చేసుకొమ్మని వచ్చేసరికి నాకు నవ్వాగలేదు, ఎందుకంటే ఆ సంగతి తేలడానికి మా ఇంట్లో ఒకప్పుడు పెద్ద రభసే అయింది.

మైదుకూరులో మాది బట్టల అంగడి. మగపిల్లవాడు గనుక అన్న అంగట్లో కూర్చోవాలి, ఆడపిల్లను గనుక నేను ఇంట్లో ఉండాలి, ఇందులో ఆలోచించాల్సిందేముందని అందరూ అనుకునే రోజులవి. అన్నేమో నోట్లో నాలుక లేనివాడు, పైగా ఉన్నది ఉన్నట్టు తప్ప చెప్పలేడు. నేనేమో గోడతోనైనా మాట కలిపే రకం. కడపకు పోయి ఆసుపత్రి పరీక్షలు చేసే ల్యాబు చదువు చదవాలని అన్నకెంత ఆశో, ఆ అంగట్లో కూర్చోవాలని నాకంత ఆశ. నాయనతో చెప్పే ధైర్యం మాత్రం ఇద్దరికీ లేదు.

మా అంగళ్లలో 'లేదు' అనే మాట పలకరు. సరుకు అయిపోతే నిండుకుంది అంటారు, అందులోనూ బోణీ కాకముందు ఆ మాట వినబడితే ఆ రోజు బేరాలు గంగలో కలిసినట్టే. ఒకరోజు పొద్దున నేను నాయనకూ అన్నకూ తినడానికి ఉగ్గాని గిన్నె పట్టుకుని వెళ్లేసరికి, పెళ్లి బట్టలకని వచ్చిన పెద్దావిడ మామిడిపిందెల అంచు చీర అడగడం, అన్న లేదనేయడం, ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టడం, అన్నీ ఒకేసారి జరిగాయి.

"ఏమప్పా, బోణీ కాకముందే లేదంటాండావే!" అని నాయన నెత్తి కొట్టుకున్నాడు. నేను గిన్నె పక్కన పెట్టి, "యాడికి పోతాండావు పెద్దమ్మా, దానికంటే శానా బాగుండేది ఉండాది, కూర్చో" అన్నాను. ఆవిడ కూర్చుంది, పెళ్లి బట్టలన్నీ మా దగ్గరే తీసుకుంది.

అదే అదనుగా ఇద్దరం నోరు విప్పాం. నాయన కొన్నాళ్లు మొహం ముడుచుకుని తిరిగి, చివరికి అన్నను కడప బస్సెక్కించాడు. ఆడపిల్లను అంగట్లో కూర్చోబెడతావా అని బంధువులు దెప్పితే, "మాట్లాడేటోళ్లనే కూర్చోబెట్టినా" అనేవాడు.

చాలా ఏళ్ల తరువాత నాయనకు గొంతు దగ్గర గడ్డ లేచింది. అన్న పనిచేసే కడప ఆసుపత్రిలోనే ముక్క తీసి పరీక్షకు ఇచ్చారు. రాచపుండేమోనని ప్రాణాలు ఉగ్గబట్టుకుని బెంచీ మీద కూర్చున్నాం. అన్న బయటికొచ్చి, ఎప్పటిలాగే పొడిగా, "లేదు నాయనా" అన్నాడు.

"ఇంకోసారి అనప్పా" అంటూ నాయన వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు.

ఇప్పుడు మా అంగట్లో నలుగురమ్మాయిలున్నారు. గలగలా మాట్లాడే సాయిబుల పిల్ల చీరలు చూపిస్తుంది, నెమ్మదస్తురాలు బిల్లులు వేస్తుంది, ఎవరికి నప్పిన పని వాళ్లది. మనవరాలు ఏం చదువుతానన్నా మా ఇంట్లో ఇక రభస ఉండదు. అయితే నిండుకుంది అనే మాటే ఎవరికీ తెలియడం లేదు. పొద్దున్నే, ఇంకా బోణీ కాకుండానే, ఆ పిల్లలు లేదు మేడమ్ అనేస్తుంటారు. కోప్పడదామని నోరు తెరుస్తాను, ఇంతలో అన్న గొంతు గుర్తొచ్చి ఊరుకుంటాను.