కుడివైపు పతకం

మొన్న కవాతు చూడటానికి వెళ్ళాను. వెళ్ళానంటే, ఆఫీసువాళ్ళు పంపితే వెళ్ళాను. జనంలో నిలబడటం నాకు ఇప్పటికీ చేతకాదు. ముందు వరుసలో ఒకావిడ చీర మీద కుడివైపున పతకం పెట్టుకుని కూర్చుంది. నా పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడిచి, "దీదీ, ఆంటీ గల్తీగా పెట్టుకున్నట్టున్నారు. ఎడమవైపు కదా?" అంది. "గల్తీ కాదు. సొంతదైతే ఎడమ, పోయినవాళ్ళదైతే కుడి" అన్నాను. ఆ ఉదయమంతా నేను మాట్లాడింది అంతే. ఆ సంగతి నాకు చెప్పింది మా పెదతాత.

మా తాతకి అన్న ఆయన. తెల్లదొరల కాలంలో బర్మా యుద్ధానికి వెళ్ళి, జమేదారు హోదాకెక్కి, ధైర్యానికి వెండి పతకం తెచ్చుకున్నాడు. తర్వాత తమ్ముడి వెనకే ఓడెక్కి, అందరూ హిందీ కలిపి మాట్లాడే ఈ దీవులకు వచ్చి, పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా, ఆస్టినాబాద్‌లో మా ఇంటి చివరి గదిలో ఉండిపోయాడు. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుమే నిలవదు. అందుకని పతకాన్ని హార్లిక్స్ సీసాలో బియ్యం మధ్య దాచేవాడు. ఒకసారి మా నాయనమ్మ చూసుకోకుండా ఆ బియ్యం ఎసట్లో పోసేసింది. గంజి వారుస్తుంటే పతకం మీది కిరీటం పెట్టుకున్న రాజు బొమ్మ బయటపడింది. "ఒలమ్మా, రాజుగోరు ఉడికిపోనారు!" అని ఆవిడ పడీ పడీ నవ్వింది. పెదతాత నవ్వలేదు. మెతుకులు తుడిచి, వేరే బియ్యంలో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో నలుగురితో మాట్లాడటం రానివాళ్ళం ఆయనా నేనూ. ఆయన గది గుమ్మంలో నేను పుస్తకం చదువుకునేదాన్ని, ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. ఒకరికొకరం అడ్డం కాదు.

నా చిన్నప్పుడు డెలానీపూర్‌లో పాత సైనికులకు సన్మానం పెట్టారు. ఎప్పుడు పిలిచినా వెళ్ళని మనిషి ఆ ఏడు వస్తానన్నాడు. నాఫ్తలీన్ వాసన కొడుతున్న కోటుకి పతకం గుచ్చే పని నాది. ఎడమవైపు పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని కుడివైపుకి జరిపాడు.

"సొంతదైతే ఎడమేపు పెట్టుకోవాల. ఇది నాది కాదే గుంటా. ఏటికడ్డంగా తాడు కట్టినోడు నా నేస్తం. ఆ తాడట్టుకునే దెబ్బలు తగిలినోళ్ళని నాను ఇవతలికి తెచ్చినాను. ఆడు ఆ ఒడ్డునే ఉండిపోనాడు. సచ్చిపోయినోడికి ఈ మెడల్ ఇవ్వరంట. అందుకని నాకిచ్చినారు. పోయినోళ్ళది కుడేపు. ఒక్కసారి నలుగురిలో ఆడిదాన్ని ఆడిదిగా పెట్టుకోవాల."

నాన్న చూసి కంగారుపడ్డాడు. "పెదనాన్నా, ఉల్టా పెట్టారు. లోగ్ హసేంగే!"

"నవ్వనీరా. నాకేటి?" అన్నాడు పెదతాత.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. వేదిక మీద ఒక కుర్ర సైనికాధికారి శాలువా కప్పి, పతకం చూసి, "దాదాజీ, ఇధర్ నహీఁ" అని ఎంతో ప్రేమగా దాన్ని తీసి ఎడమవైపు గుచ్చాడు. వయసులో మనవడైనా హోదాలో పై అధికారి. పెదతాత మడమలు చేర్చి, నిటారుగా నిలబడి, ఎదురుగోడ వైపు చూస్తున్నాడు. అలా నిలబడ్డ సిపాయి కదలకూడదు, పలకకూడదు. హాలంతా చప్పట్లు. నాన్న హమ్మయ్య అనుకున్నాడు.

ఇంటికొచ్చాక కోటు విప్పలేదు. "మార్చే గుంటా" అన్నాడు. కుడివైపుకి మార్చాను. అలాగే వరండాలో కూర్చున్నాడు. దారినపోయే ఆయనెవరో "క్యా దాదా, షాదీకా?" అని పెళ్ళికొడుకుని చేసి వేళాకోళమాడితే పలకరింపుగా చెయ్యెత్తాడు. లోపల నాన్న ఫోనులో సన్మానం గురించి గొప్పగా చెబుతున్నాడు. నేను మెట్టు మీద కూర్చున్నాను. ఆయన కోరుకున్న సభ ఆయనకి దక్కింది అంతే, నేనొక్కదాన్నే జనం. మరుసటి ఏడు పిలుపొస్తే ఒంట్లో బాగాలేదని చెప్పించాడు.

ఆ నేస్తం పోయేనాటికి అతనికి ఇరవై దాటి ఎంతో కాలేదట. ఇప్పుడు అతనికంటే నేనే పెద్దదాన్ని. పెదతాత ముసలివాడై వెళ్ళిపోయాడు, నేను పెరిగాను. ఏటి అవతల తాడు ముడివేస్తున్న ఆ కుర్రాడి మీదుగా మాత్రం కాలం ఒక్క పూటైనా గడవలేదు.