ఒక్క కొంగ

1994 జూన్‌లో నారాయణగూడలో ఒక కళ్లద్దాల షాపులో పనికి చేరాను. రెండేళ్ల డిప్లొమా అప్పుడే పూర్తయింది. ముందు ఫ్రేముల అరలు, వెనక చీకటి గది. ఆ గది నాది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. చీకట్లో పక్కన కూర్చుని "ఇప్పుడు బాగుందా? ఇప్పుడు?" అని అడగడం మాత్రం వచ్చు. కంటికి ఎంత పవర్ కావాలో అద్దాలు మార్చి మార్చి చూసే ఈ పనిని రిఫ్రాక్షన్ అంటారు. సాయంత్రం చిక్కడపల్లిలో ఇంటికి నడిచి వెళ్లి, ఆ రోజు చూసినవాళ్ల గురించి డైరీలో రెండు ముక్కలు రాసుకునేదాన్ని.

ఆగస్టులో ఒక పేజీలో ఇలా ఉంది: 'మాధవి, పదేళ్లు, అశోక్‌నగర్. రెండు కళ్లూ ఆరు బై ఆరు. అద్దాలు అవసరం లేదు. తల్లి ఊరికే భయపడుతోంది.'

ఆరు బై ఆరు అంటే ఆరు మీటర్ల దూరం నుంచి చార్టులోని చిన్న అక్షరాలు కూడా చదవగలగడం. మాధవి గడగడా చదివింది. ఇంట్లో స్టూళ్లు తగిలి పడుతుందని, గిన్నెలు తన్నేస్తుందని తల్లి చెబుతూనే ఉంది. "కండ్లు మంచిగున్నయమ్మా, పరధ్యానం అంతే" అని పంపించేశాను.

నవంబరులో ఒక సోమవారం వాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి తండ్రి కూడా. పిల్ల మోకాలికి కట్టు ఉంది.

"నిన్న మా అక్కవాళ్ల ఊరికి పోయినం" అన్నాడు తండ్రి. మెదక్ దిక్కు చిన్న టౌన్. అక్కడ చెరువు పక్కన, చిత్తడి నేల మధ్య పార్కు ఉందట. ముసలివాళ్లు కూడా నడవగలిగే చదునైన బాట, అటూ ఇటూ జమ్ము గడ్డి, నీళ్లలో కొంగలు. ఇంటిల్లిపాదీ పల్లీలు తింటూ మెల్లగా నడిచారు. "పొద్దుగూకుతుంటే బాట జర వంక తిరిగింది. మేమందరం తిరిగినం. ఇది సీదా పోయి బురదల పడ్డది. మూడేండ్ల మేనల్లుడు తిరిగిండు మేడం, ఇది తిరగలే!"

"కండ్లు నెత్తిమీద పెట్టుకొని నడుస్తది" అంది తల్లి. "ఒక్కటేసిన. పరధ్యానమని మీరే అంటిరి గద."

నా మాటే. ఆ దెబ్బ వెనక ఉన్నది నా మాటే.

మళ్లీ చార్టు చదివించాను. మళ్లీ ఆరు బై ఆరు. ఏం చెయ్యాలో తోచక, పిల్ల బెదురు పోవాలని, "కొంగలను చూసినవా?" అని అడిగాను.

"చూసిన."

తండ్రి నవ్వాడు. "ఎక్కడిది! చెరువంత తెల్లగున్నది కొంగలతోని. గవిగో అంటే 'ఏవి, ఏవి' అంటది. లేచిపోయినంక 'ఆ, చూసిన' అంటది."

"ఎన్ని కనిపించినయి?"

మాధవి తల్లి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "ఒక్కటి."

"ఒక్కటేనా?"

"ఒక్కటే కనపడ్తది గదక్కా. దాన్ని ఇడిచిపెట్టి ఇంకోదాన్ని దేవులాడుకోవాలె. అందరికి గంతే గద?"

ఆగస్టులో చెయ్యవలసిన పని అప్పుడు చేశాను. ఎదురుగా కూర్చుని నా ముక్కునే చూడమన్నాను. ఒక వేలు ఆడిస్తూ పక్క నుంచి మెల్లగా లోపలికి తెచ్చాను. చూపు ఒకచోట నిలిపినప్పుడు చుట్టూ ఎంత మేర కనిపిస్తుందో దాన్ని ఫీల్డ్ అంటారు. వేలు బాగా పక్కన ఉండగానే ఎవరైనా "ఆ, కనిపించింది" అంటారు. నా వేలు నా ముఖం దగ్గరికి వచ్చేదాకా మాధవి ఏమీ అనలేదు. రెండో వైపూ అంతే. తండ్రి నవ్వు ఆగిపోయింది.

పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాను. రెండు వారాల తర్వాత తల్లి ఒక్కతే వచ్చింది.

"కంటి వెనక రెటీనా అనే పొర అంచులకెళ్లి లోపలికి పాడైకుంట వస్తున్నదట. మందు లేదన్నరు. మెల్లమెల్లగ నడుమ కూడ పోతదట." ఆసుపత్రి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "మేనరికమా అని అడిగిండ్రు. ఆయన నా మేనత్త కొడుకే."

"ఆగస్టులనే నేను చూడాల్సింది" అన్నాను.

"అదీ అడిగిన డాక్టర్ని. ముందుగాల తెలిసినా కండ్లు పోకుంట ఆపలేకపోతుంటిమట." చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. "గని, నేను కొట్టకపోతుంటి గద."

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "మళ్ల కొంగల తాన్కి పోదామంటున్నది. తీస్కపోవాల్నా, వద్దా?"

"తీస్కపోండి. పొద్దున పూట. చెయ్యి పట్టుకొని" అన్నాను. 'తొందరగా' అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఆమెకు అది వినిపించిందనే అనుకుంటాను.

నాలుగేళ్లయింది. 'తల్లి ఊరికే భయపడుతోంది' అన్న వాక్యాన్ని డైరీలో నేను కొట్టెయ్యలేదు. ఇప్పుడు పిల్లలెవరు వచ్చినా చార్టుతో ఆగను, వేలు ఆడించి చూస్తాను. 'కనిపిస్తోందా?' అని అడగను. అలా అడిగితే పిల్లలు 'ఆ' అనేస్తారు, పెద్దవాళ్లకు కావలసిన జవాబు అదే కాబట్టి. ఏం కనిపిస్తోంది, ఎన్ని కనిపిస్తున్నాయి అని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఊరుకుంటాను.