దొరగారికి కప్పిన శాలువా

మొన్న ఆదివారం ఇక్కడ వాషింగ్టన్ దగ్గర హెర్న్‌డన్‌లోని మా తెలుగు చర్చిలో పాస్టరుగారి ప్రసంగాన్ని పిల్లల కోసం ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది మా మనవరాలు. తెలుగు సగమే అర్థమయ్యే ఈ కాలపు పిల్లలందరూ చెవుల్లో ఏవో బిళ్లలు పెట్టుకుని కూర్చుంటే, వెనక గాజుగదిలోంచి అది మైకులో గడగడా చెప్పుకుపోతోంది, పక్కనే కూర్చుని నేను మురిసిపోతున్నాను. ఇంతలో, పెద్దవాళ్ల మాట లక్ష్యపెట్టని పిల్లల గురించి పాస్టరుగారు కాస్త గట్టిగా అన్న ఒక మాటని అది చల్లగా మింగేసింది. ఇంటికొస్తూ కార్‌లో అడిగితే, "అమ్మమ్మా, అది టూ మీన్‌గా ఉంది, అందుకే స్కిప్ చేశాను. ఎవరూ హర్ట్ అవ్వకూడదు కదా" అంది. దాన్ని మందలించడానికి నాకు మొహం చెల్లలేదు. నలభై ఏళ్ల పైచిలుకు క్రితం అదే పని చేసినదాన్ని నేను.

డెబ్బైల చివర ఈ దేశం వచ్చినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, అప్పుడు మనకంటూ చర్చి లేదు, ఏ అమెరికన్ చర్చివాళ్లో దయతలచి ఇచ్చిన నేలమాళిగ హాల్లో నెలకొకసారి మడత కుర్చీలు వేసుకుని, పాత కాఫీ వాసన మధ్య తెలుగు కీర్తనలు పాడుకునేవాళ్లం. నేను వాషింగ్టన్ పక్కన ఒక కాలేజీలో టైపిస్టుగా చేరాను. అమ్మ పోయాక నాన్నగారు నా దగ్గరే ఉండేవారు. ఆ రోజుల్లోనే మా చరిత్ర డిపార్టుమెంటులో లెక్చర్లు ఇవ్వడానికి ఒక ఇంగ్లీషు ప్రభువు వచ్చి దిగాడు.

ఆ మహానుభావుడి చరిత్రంతా నా వేళ్ల మీదుగానే నడిచింది, ఎందుకంటే అతని ఆత్మకథ టైపు చేసిన దౌర్భాగ్యురాలిని నేనే. కోటలో పుట్టాడట, కానీ రెండో కొడుకు, ఎస్టేటు అన్నగారిది, అందుకని ఈయన్ని మన మీద పెత్తనానికి పంపారు. కోస్తాలో సబ్‌కలెక్టరుగా గుర్రమెక్కి తిరిగాడు. మనకి స్వాతంత్ర్యం రాగానే ఇంటికి పోయి, తాతల నాటి నుంచీ వాళ్లకి దణ్ణాలు పెట్టే ఊళ్లోనే ఎన్నికల్లో నిలబడి, ఒంటికి చెమటైనా పట్టకుండా గెలిచాడు. అన్న చచ్చిపోతే బిరుదు వచ్చింది, దాంతోపాటు ప్రభువుల సభలో కుర్చీ, ఆ కుర్చీలోంచి మంత్రిపదవి. తను కాలు పెట్టని దేశాల తలరాతలు భోజనానికీ టీకీ మధ్య రాసిపారేశాడు. చివరికి సొంత పార్టీవాళ్లే విసిగి పక్కన పెడితే, బిరుదంటే నోరు తెరుచుకుని చూసే అమెరికావాళ్ల దగ్గర తేలాడు. నేనతని దగ్గర పనిచేసిన రెండేళ్లలో ఒక్కసారైనా నా పేరేమిటని అడిగిన పాపాన పోలేదు, తల ఎత్తకుండా ఖాళీ కప్పు నా వైపు చాపేవాడు, అంతే.

ఆ ఆత్మకథలో ఒక అధ్యాయం ఉప్పెన గురించి. సముద్రం లంకల మీద పడ్డ రోజున తానొక్కడే నిలబడి జనాన్ని కాపాడాననీ, అక్కడి మిషన్ బడి పంతులు మాత్రం ప్రాణభయంతో ఉన్న ఒక్క పడవా ఎక్కి పారిపోయాడనీ రాశాడు. ఆ పంతులు మా నాన్నగారు. పడవ ఎక్కి పోయింది ఈ దొర. నాన్నగారు బడి పైకప్పు మీద ముప్పై మంది పిల్లలతో రెండు రోజులు కూర్చున్నారు. నీళ్లు తీశాక దొర రాసిన రిపోర్టు చూసి మిషన్‌వాళ్లు ఆయన్ని బడిలోంచి తీసేశారు, పారిపోయిన పంతులన్న పేరు మా ఇంటికి అంటుకుపోయింది. ఇదంతా తెలిసీ నేను నోరు విప్పలేదు, నా గ్రీన్ కార్డు కాగితాలు ఆ ఆఫీసులోనే ఉన్నాయి.

మన జిల్లాలో చేసిన దొర మా కాలేజీలో ఉన్నాడని మా బావగారికి తెలిసింది. మా సంఘానికి ఆయనే పెద్ద. తెల్లవాడంటే మనవాళ్లకి ఒళ్లు తెలియదు కదా, క్రిస్మస్ కూడికకి ముఖ్య అతిథిగా పిలిచేశారు. అనువాదానికి నన్ను నిలబెట్టారు. వచ్చినవాళ్లలో సగం మందికి ఇంగ్లీషు వచ్చినా సరే, తెల్లవాడు మాట్లాడితే పక్కన ఒకరు నిలబడి ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పి తీరాల్సిందే, అది మన ఆచారం. బయల్దేరుతుంటే నాన్నగారు ఇస్త్రీ కోటు వేసుకుంటూ ఒక్క మాట అడిగారు. "అమ్మా, ఆయన ఉప్పెన సంగతి ఎత్తితే ఉన్నది ఉన్నట్టు చెప్పు. మనవాళ్ల ముందు లేచి జవాబు చెప్పుకుంటాను." అతిథి మాటయ్యాక ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పుకోవడం మా కూడికల్లో మామూలే, దానికోసమే ఆయన ముందు వరసలో కూర్చున్నారు.

దొర ఎత్తనే ఎత్తాడు. పంతులు పారిపోయాడని చెప్పి నవ్వాడు కూడా. అతని నములుడు ఇంగ్లీషు మా ఇంజనీర్లకి సైతం సగమే అందేది, అంతా నా నోటి వైపే చూస్తున్నారు. దొరకి వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ ఎప్పుడో మరిచిపోయాడు. మిషన్ దొరల దగ్గర పనిచేసిన నాన్నగారికి మాత్రం అది అర్థమైంది, కుర్చీ అంచుకి జరిగి కూర్చున్నారు. అంతమంది ముందు మా నాన్నని పిరికివాడని నా నోటితో అనలేకపోయాను. "అక్కడి పంతులుగారు పిల్లలని కాపాడారు" అని చెప్పేశాను.

నా కొంప నేనే ముంచుకున్నాను. చప్పట్లు మోగిపోయాయి. మా బావగారు ఆనందం పట్టలేక లేచి, ఆ పంతులుగారు ఇక్కడే ఉన్నారు, ఇంత మంచి మాట చెప్పిన దొరగారికి ఆయన చేతులతోనే శాలువా కప్పిస్తాం అన్నారు. నాన్నగారు నా వైపు చూశారు. ఆయన నిజం చెబితే అంతమందిలో అబద్ధాలకోరుగా మిగిలేది నేను. నాన్నగారు లేచి వెళ్లి, వంగి, కూర్చున్న దొర భుజాల మీద శాలువా కప్పారు. ఎవరో ఫోటో తీశారు. కార్‌లో మాత్రం మెల్లిగా అన్నారు, "నన్ను కాపాడాననుకున్నావు తల్లీ. వాణ్ణి కాపాడావు."

పుస్తకం అచ్చయింది. అందులో ఆ ఫోటో ఉంది, తాను కాపాడిన లంక జనం అమెరికాలో కూడా తనకి కృతజ్ఞతలు చెప్పుకున్నారని దాని కింద రాసుకున్నాడు. నేను దాన్ని చీరల అడుగున దాచేశాను. పుస్తకం వచ్చిందా అని నాన్నగారు పోయేలోగా రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ ఇంకా రాలేదనే చెప్పాను.

మొన్న చర్చి నుంచి రాగానే దాన్ని బయటికి తీసి, జరిగిందంతా చెప్పి మనవరాలి చేతిలో పెట్టాను. ఫోటో కింద ఉన్నదంతా ఒక్క ముక్క వదలకుండా పైకి చదివి, "వాట్ ఎ లయర్!" అంది. ఎంత తేలిగ్గా అనేసిందో! ఏ దొర మాటైనా ఈ పిల్లలకి సూటిగా అర్థమవుతుంది, మధ్యలో నాలాంటివాళ్లతో పనిలేదు. ఇలాంటి పిల్ల ఒక్కతి ఆ రోజు ఆ నేలమాళిగలో ఉండి, దొర అన్నది అన్నట్టు పైకి చెప్పేసుంటే, నాన్నగారు శాలువా పట్టుకుని వంగేవారు కాదు, లేచి నిలబడి మాట్లాడేవారు.