కొర్రమీను జమానత్

నా దగ్గర వంకాయ రంగు నేత చీర ఒకటి ఉంది. ఆ రంగు ఒకప్పటి మాట. ఉతికీ ఉతికీ బూడిద రంగుకు వచ్చినా, మెత్తదనం చూసి వదలబుద్ధి కాలేదు. హైదరాబాద్‌లో అడిగిన ప్రతి దుకాణంలోనూ కొత్తది కొనుక్కోమన్నారు. ఆ సలహా ఇచ్చిన వాళ్లందరి మీదా ఒళ్లు మండింది. జహీరాబాద్‌లో యూసుఫ్ భాయ్ అనే ఆయన పాత బట్టకు మళ్లీ రంగు ఎక్కిస్తాడని విని, ఆషాఢంలో ఒక ఆదివారం బయలుదేరాను.

ఉదయం ఏడింటికి పటాన్‌చెరులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం, మగవాళ్లు రెండు వందలు జేబులో పెట్టుకుంటే చాలు. ముంబై రహదారి మీద సంగారెడ్డి, సదాశివపేట దాటాక లారీల సందుల్లోంచి చెరకు, అల్లం చేలు కనిపిస్తాయి. రెండు గంటల్లో దిగి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, కోహీర్ వైపు ఆటో మాట్లాడుకున్నాను. వంద రూపాయలకు ఒప్పుకున్నాడు.

"యూసుఫ్ భాయ్ ఇంటికా? చీరకా మేడం, చేపను చూడనీకా?" అన్నాడు డ్రైవర్.

"చేప ఏమిటి?"

"సుల్తాన్ ఎర్క లేదా? పోయినంక మీరే చూస్తరు తియ్యిండ్రి."

యూసుఫ్ భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. గోళ్లకు నీలం, ఎరుపు ఎప్పటికీ వదలని మనిషి. నా చీరను చేత్తో నిమిరి, "మంచి బట్ట, దీన్ని పారేయమన్నోళ్లకు అకల్ లేదు," అన్నాడు. ఆ క్షణమే ఆయన నాకు ఆప్తుడైపోయాడు. రంగు వేసేముందు నానాలని, బోరు నీళ్లు నింపిన సిమెంటు తొట్టిలో చీర వేశాడు. భట్టీ మీద నీళ్లు కాగుతున్నాయి. ఆలోగా టీ ఇచ్చి, పెరటి చివర గుంత దగ్గరికి తీసుకెళ్లాడు. రంగు నీళ్లన్నీ పారబోసేది అందులోకే. ఆ నల్లటి నీళ్లలోంచి మూరెడు కొర్రమీను పైకి వచ్చి, గాలి మింగి, మళ్లీ లోపలికి పోయింది.

"నా సుల్తాన్. మూడు వానకాలాలు చూసిండు. చేప బతికినంక నీళ్లు ఖరాబ్ ఎట్లయితయి? గీడే నా జమానత్," అన్నాడు భాయ్.

ఆ చేపను పూచీకి నిలబెట్టిన ధీమా చూస్తే ముచ్చటేసింది. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను కాబట్టి నోటిదాకా ఒక మాట వచ్చింది కానీ, టీ బాగుంది, ఊరుకున్నాను.

ఇంతలో దిగువనున్న కుంటలో చేపలు పెంచే నాగమ్మ చేపపిల్లలున్న తెల్ల బేసిన్ పట్టుకొని వచ్చింది. ఈ గుంత నిండితే పొర్లేది ఆమె కుంటలోకే. బేసిన్ కింద పెట్టి, నీళ్లను చేత్తో గుండ్రంగా తిప్పింది. చేపపిల్లలు కొనేవాళ్లు ఇలాగే చూస్తారు. గట్టి పిల్ల సుడికి ఎదురీది అంచున నిలుస్తుంది. ఇవి మాత్రం కొట్టుకుపోయి నడుమ కుప్పపడ్డాయి. వంగి చూస్తే కొన్నింటి వెన్ను కొడవలిలా వంకర తిరిగి ఉంది.

"పోయినేడు గిట్లనే అయితే చేప విత్తనం అమ్మినోన్ని తిట్టిన, భాయ్. ఈసారి నా బంగారు తీగ చేపలే గుడ్లు పెట్టినయి. ఇగ ఎవర్ని తిట్టాలె?" అంది నాగమ్మ.

"సుల్తాన్ మంచిగున్నడు గద, చెల్లె," అన్నాడు భాయ్ చిన్న గొంతుతో.

ఇక ఆగలేకపోయాను. "కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చే చేప, భాయ్. ఎంత మురికినైనా ఓర్చుకుంటుంది. పైగా పెరిగిన చేప. గుడ్డులో ఉన్న పిల్లకు అప్పుడప్పుడే వెన్నూ గుండే తయారవుతుంటాయి. అప్పుడు రంగు మందు లోపలికి చేరితే పిల్ల ఆలస్యంగా బయటికొస్తుంది, వెన్ను వంగుతుంది, గుండె మందగిస్తుంది. మీ రంగు వల్లే అని నీళ్లు పరీక్ష చేయించకుండా నేను ఒట్టేయలేను. కానీ పెద్ద చేపను చూసి పిల్లలకు పూచీ పడలేం."

భాయ్ గుంత గట్టు మీద కూర్చున్నాడు. "నలభై ఏండ్లు అన్నం పెట్టింది గీ భట్టీనే," అన్నాడు.

"భట్టీ కూలగొట్టమంటలేను. ఇంకా పొదగని గుడ్లున్నయి, గడ్డికి అంటుకొని. మబ్బు వట్టింది. గుంత పొర్లితే అవి గూడ పోతయి. ఈ ఏడు నాకు ఇగేం మిగలదు," అంది నాగమ్మ. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

భాయ్ లేచి భట్టీ మంట మీద చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. "మేడం, మీ చీర ఇయ్యాల కాదు. గా తొట్టికి ఎన్నడూ రంగు ముట్టలె. గుడ్లు అండ్ల ఏద్దాం."

ముగ్గురం కుంటకు దిగాం. గుడ్లు ఆవగింజలంత ఉన్నాయి, గాలికి ఆరితే పోతాయట. గుడ్లున్న గడ్డిని తట్టకెత్తి, నానిన నా చీరనే దాని మీద కప్పాం. భాయ్ ఆ తట్టను పెళ్లి సారె మోసినట్టు జాగ్రత్తగా మోశాడు. నాగమ్మ తొట్టిలో నీళ్లు చెంబుతో ఎత్తి పోస్తూ గాలి కలిపింది. భాయ్ భార్య పెట్టిన జొన్నరొట్టె, అల్లం పచ్చడి అక్కడే నిలబడి తిన్నాం. మూడింటికి వాన దంచింది. గుంత పొర్లి రంగు నీళ్లు నాగమ్మ కుంటలోకి పోయాయి.

వారం తర్వాత నాగమ్మ ఫోన్‌లో వీడియో పంపింది. బేసిన్‌లో సుడి తిరుగుతోంది, పిల్లలు ఎక్కువ భాగం అంచున ఎదురీదుతున్నాయి. క్లాసులో ఏటా చెప్పే పాఠమే అయినా నాకు కళ్లు చెమర్చాయి. ఇరుగుపొరుగు నెలల తరబడి పోట్లాడుకోవలసిన సంగతి, ఒక తట్ట గడ్డి మోయడంతో తేలిపోయేసరికి ఆ ఇద్దరి మీద నాకు ప్రేమ పుట్టుకొచ్చింది. మీరూ పాత చీర తీసుకెళ్లాలనుకుంటే దీపావళి దాటాక వెళ్లండి. అప్పటిదాకా భట్టీ వెలగదు. వరుసలో మొదటి చీర నాది.

"పిల్లలు వేలెడు పొడుగయ్యేదాక బంద్ వెట్టిన, మేడం," అన్నాడు భాయ్ ఫోన్‌లో. "ఆషాఢంల పెళ్లిళ్లు ఎట్లనూ లేవు. కొత్త గుంత తవ్వి టార్పాలిన్ పరుస్తున్న."

"మరి సుల్తాన్?"

"మంచిగున్నడు. నౌకరీ పోయింది, గంతే."