చెక్ ట్రే ఎత్తేదాకా

ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయని నాకు మొదట చెప్పినవాడు మా అన్న. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితం మీద నూనె మరకల మధ్య ఆ ఒక్క వాక్యం మిగిలింది. కింది సగం చిరిగిపోయింది. ఆ సగాన్ని అన్న సొంతంగా పూరించాడు. ఒక గుండె పెళ్లాం కోసం, ఒకటి పిల్లల కోసం, మూడోది ఎవరికీ తెలియకుండా తన కోసం దాచుకుంటుందని చెప్పాడు. చాలా ఏళ్లు నేను అదే నిజమనుకున్నాను.

అన్న నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. పదో తరగతితో చదువు ఆపేసి, ఇందుకూరుపేట మండలంలో మైపాడు వైపు రొయ్యల గుంటల మీద పనికి కుదిరాడు. నేను చదువుకుని నెల్లూరులో సైన్సు టీచర్నయ్యాను. నాకు సైన్సు మీద ఇష్టం పుట్టింది బళ్లో కాదు, సెలవుల్లో అన్నకి క్యారియర్ తీసుకెళ్లి ఆ గుంట గట్టు మీద కూర్చున్నప్పుడు.

గుంటల పని తెలియనివాళ్లకి ఒక సంగతి చెప్పాలి. రొయ్యలకి మేత చల్లాక, గుప్పెడు మేతని వల బిగించిన పళ్లెంలో వేసి తాడుతో నీళ్లలోకి దించుతారు. దాన్ని చెక్ ట్రే అంటారు. రెండు గంటలయ్యాక పైకెత్తి చూస్తారు. మేత మిగిలి ఉంటే రొయ్యకి ఒంట్లో బాగాలేదేమోనని గుబులు. ట్రే ఖాళీగా ఉంటే ఆ పూటకి హాయి. ఈలోగా పాకలో కూర్చుని ఎదురుచూడటం తప్ప చేసేదేమీ ఉండదు. తొందరపడి ముందే ఎత్తితే తెలిసేదేమీ లేదు.

అన్న ఆ ఎదురుచూపుకి ఒక పద్ధతి పెట్టాడు. ట్రే ఎత్తగానే ఒక విశేషం చెప్పేవాడు. ట్రేకి ఒకటే. ముందు చెప్పేవాడు కాదు, రెండోది అడిగితే వినిపించుకునేవాడు కాదు. ప్రపంచంలో అతి చిన్న యుద్ధం గంట కూడా జరగలేదట. "మనం ట్రే ఎత్తేలోపల ఒక రాజుకి రాజ్యం పొయ్యింది" అనేవాడు. తొలినాళ్ల టాకీల్లో నటులే పాడుకునేవారట, వాయిద్యాలవాళ్లు కెమెరాకి కనపడకుండా చెట్ల వెనక దాక్కుని వాయించేవారట. పులికాట్‌కి వచ్చే రాజహంసలు చిన్న చిన్న రొయ్యలు, నాచు తినే ఆ గులాబీ రంగు తెచ్చుకుంటాయట. ఇన్నేళ్లు రొయ్యల మధ్యే బతికినా తనకి మాత్రం ఆ రంగు రాలేదని, ఎండకి నల్లబడిన చెయ్యి చూపించి నవ్వేవాడు. ఇందులో సగం నిజాలు, పావు వంతు పొట్లం కాగితాల్లో చిరిగిపోయినవి, మిగతాది అన్న కల్పన. వినేవాళ్లకి ఆ తేడా అక్కర్లేదు.

నాకు కావాల్సొచ్చింది. పెళ్లి పత్రికలో అచ్చుతప్పు కనపడినా పెన్ను తీసే రకాన్ని నేను. ఇరవయ్యేళ్లు ఎర్ర సిరాతో దిద్దీ దిద్దీ, ఎదుటివాళ్ల మాటలో తప్పు దొరికితే నోరు ఆగని స్థితికి వచ్చాను. అది తెలివి అనుకునేదాన్ని.

ఏడేళ్ల కిందట నెల్లూరులో మా గృహప్రవేశం జరిగింది. మా హెడ్మిస్ట్రెస్ గారు, తోటి టీచర్లు వచ్చారు. అన్న కొత్త చొక్కా వేసుకుని వాళ్ల పంక్తిలోనే కూర్చున్నాడు. ఇంతమంది చదువుకున్నవాళ్ల మధ్య కూర్చున్నానన్న సంబరం మొహంలో కనిపిస్తూనే ఉంది. పాయసం వడ్డించే దాకా ఆగి, తన దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి విశేషం తీశాడు. అది పొట్లం కాగితంలో చదివింది కాదు. మైపాడు ఒడ్డున తెల్లవారుతుండగా తను చూసింది.

"సముద్రపు తాబేలు గుడ్లు పెట్టేటప్పుడు ఏడస్తది మేడం. నేను కళ్లారా చూసినాను. ఆ పిల్లల్ని అది మళ్లీ చూడబోదు గదా, దానికి తెలుసు."

పంక్తిలో ఒక్క క్షణం అందరూ తినడం ఆపారు. హెడ్మిస్ట్రెస్ గారు "అయ్యో" అన్నారు కూడా. పాయసం గరిటెతో నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను.

"అది ఏడుపు కాదన్నా, ఉప్పు" అన్నాను. "దాని కిడ్నీలకి అంత ఉప్పు బయటికి పంపే శక్తి ఉండదు. కంటి దగ్గర గ్రంథి ఉంటుంది, అందులోంచి కారుతుంది. మా ఏడో తరగతి పిల్లలకి కూడా తెలుసు."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. "అట్టనా మే" అని ఆకు వైపు చూసి తినడం మొదలుపెట్టాడు. సాయంత్రం దాకా ఉంటానన్నవాడు గుంట దగ్గర పనుందని మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడు. నేను చెప్పింది శాస్త్రప్రకారం అక్షరాలా సరైనది. ఆ రోజంతా నాకు ఆ తృప్తే ఉంది.

ఆ తర్వాత అన్న నాకు ఒక్క విశేషం కూడా చెప్పలేదు. ఫోన్ చేస్తే "ఎట్టుండావు మే" అనేవాడు, పిల్ల పరీక్షల గురించి, వాన గురించి అడిగేవాడు, పెట్టేసేవాడు. సిగ్గుపడాల్సిన మాట ఏమిటంటే, అది గమనించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఒకసారి రాజహంసల వీడియో ఒకటి వాట్సాప్‌లో పంపాను, రంగు గురించి ఏదైనా అంటాడని. దండం పెట్టే బొమ్మ ఒకటి తిరిగొచ్చింది.

పోయిన సంవత్సరం అన్న కిడ్నీలు రెండూ పాడయ్యాయి. బుధవారం, శనివారం నెల్లూరులో డయాలసిస్. వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి. రోజుకి ఇన్ని గ్లాసుల నీళ్లే అని లెక్క. ఉప్పు దాదాపు మానేయాలి. సముద్రం గాలి పీల్చి పెరిగిన మనిషి, ఎండు చేప లేనిదే ముద్ద దిగని మనిషి, వదిన చప్పగా కాచిన చేపల పులుసు ముందు పెట్టుకుని చెయ్యి కడుక్కునేవాడు. బుధవారాలు వదిన, శనివారాలు బడి అయ్యాక నేను మంచం పక్కన కూర్చునేవాళ్లం.

నాకు ఒక్కటే కోరిక మిగిలింది. అన్న మళ్లీ ఒక విశేషం చెప్పాలి. చెబితే నన్ను మన్నించినట్టు. ఆనాటి మాట నేను వెనక్కి తీసుకోవడానికి అప్పుడు దారి దొరుకుతుంది. ఎక్కువ రోజులు లేవని డాక్టర్ గారు నాతో విడిగా చెప్పారు.

మొదటి శనివారం నాకు తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. ఫోన్లో వింతలు వెతికి పెట్టుకుని, అన్న చేతికి సూదులు గుచ్చి యంత్రం తిప్పగానే చదవడం మొదలెట్టాను. ఏనుగు ఎగిరి దూకలేదట. ఎద్దుకి ఎరుపు రంగు తెలియదట. మగ సముద్రపు గుర్రమే పిల్లల్ని మోస్తుందట. పాఠం చెప్పినట్టు ఏడెనిమిది వరసగా చదివాను. అన్న "బాగుండాయి మే" అని కళ్లు మూసుకున్నాడు. మిగతా సమయమంతా కళ్లు తెరవలేదు.

మరుసటి శనివారం గుంట దగ్గర అన్నతో పాటు మేత చల్లే అతను చూడటానికి వచ్చాడు. నాకంటే చిన్నవాడు, అన్నతో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. వరండాలో నిలబడి నా బాధ చెప్పుకున్నాను. ఎన్ని చదివినా అన్న పలకడం లేదన్నాను.

"గుంట కాడ కూడా చెప్పడం మానేసినాడక్కా, మీ ఇంటి ఫంక్షన్ కాడ్నించి" అన్నాడు. "మేమడిగితే, మా చెల్లెల్ని కనుక్కొని చెప్తాలే అంటాడు. అంతే."

బల్ల మీద కూర్చున్నాను. నా ముందు మాత్రమే ఆపేశాడనుకున్నాను గాని, పూర్తిగా ఆపేశాడని నాకు తెలియదు. ఏడేళ్లపాటు ఆ పాకలో ట్రేలు ఎత్తుతూనే ఉన్నారు, ఎవరూ ఏమీ చెప్పకుండా. ఏ విశేషమైనా నన్ను అడిగి కనుక్కోవడానికి అన్న ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. చేస్తే నేను దిద్దుతానని తెలుసు.

వెళ్తూ వెళ్తూ అతను ఇంకో మాట అన్నాడు. "మీరేమో కూర్చోంగానే చదివేస్తిరి. ట్రే దించంగానే ఎత్తితే ఏముంటదక్కా?"

ఆ శనివారం నుంచి నోరు మూసుకుని కూర్చోవడం నేర్చుకున్నాను. నాలాంటిదానికి అది చిన్న చదువు కాదు. ఫోన్ సంచిలో పెట్టేసి, యంత్రంలో తిరిగే రక్తం గొట్టాల వైపు చూడకుండా, అన్న చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టుకుని కూర్చునేదాన్ని. రెండు శనివారాలు అలాగే గడిచాయి. మూడో శనివారం సరిగ్గా రెండు గంటలయ్యాక నర్సమ్మ బీపీ చూసి వెళ్లింది. అన్న గోడ గడియారం వైపు చూశాడు.

"మనిషి మెదడులో పదో వంతే వాడతాడంట మే" అన్నాడు.

అది పచ్చి అబద్ధం. ప్రతి ఏడాదీ పిల్లల చేత తప్పు అని రాయించే వాక్యం. అన్న నా మొహం వైపే చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకుని, మిగతాది ఎవరు వాడతారని అడిగాను. మిగతాది చెల్లెళ్లు వాడేస్తారన్నాడు. ఇద్దరం నవ్వాం. పక్క మంచం ఆయన మా వైపు తిరిగి చూశాడు. ఆ రోజు ఇంటికి వెళ్లి వంటింట్లో ఒక్కదాన్నే ఏడ్చాను. సంతోషానికో దుఃఖానికో నాకే తెలియలేదు.

అప్పటి నుంచి శనివారానికి రెండు విశేషాలు. నాలుగు గంటలంటే రెండు ట్రేలు కదా. కొన్ని నిజాలు, కొన్ని ఏడేళ్లుగా అన్న మనసులో నిలవ ఉండి ఊరినవి. వేటినీ దిద్దలేదు. గుంట దగ్గరివాళ్లకి మాత్రం చెప్పే వీలు లేకపోయింది, అక్కడికి వెళ్లే ఓపిక అన్నకి అప్పటికే పోయింది. నేను చెప్పాల్సిన మాట కూడా నా నోటి దాకా వచ్చి ఆగుతూ ఉండేది. విశేషం చెప్పే సంతోషంలో ఉన్నవాడికి పాత గాయం గుర్తుచేయడం దేనికి, ఇంకో వారం చూద్దాం అనుకునేదాన్ని.

చివరి శనివారం అన్న బాగా నీరసంగా ఉన్నాడు. యంత్రం పెట్టి అరగంట కూడా కాలేదు. కళ్ల చివర్ల నుంచి నీళ్లు కారి చెవుల వైపు పోతున్నాయి. నా కొంగుతో తుడిచి, ఏడుస్తున్నావా అన్నా అని అడిగాను.

"ఏడుపు కాదు మే, ఉప్పు" అన్నాడు. కాసేపటికి మళ్లీ, "కిడ్నీలకి శక్తి లేదు గదా. నువ్వే చెప్పినావు" అన్నాడు.

ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. నన్ను నవ్వించడానికే అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఈ రోజు చెప్పేస్తాను అనుకున్నాను. ఆ రోజు నీ మాట తుంచేశాను, నువ్వు చూసిందే నిజం, అని చెప్పాలి. గడియారం చూశాను. ఇంకా గంటన్నర ఉంది. విశేషమైన మాట ట్రే ఎత్తాకే చెప్పాలన్నది అన్న పద్ధతి. ఎట్టకేలకు నేర్చుకున్నాను కదా, అందుకే ఆగాను. బీపీ చూడటానికి నర్సమ్మ వచ్చే వేళకి చెబుదామని, మాటలు లోపల కూర్చుకుంటూ ఉన్నాను. రెండు గంటలు నిండకముందే అన్న బీపీ పడిపోయింది. నన్ను బయటికి పంపి తెర లాగారు. జీవితమంతా తొందరపడి మాట్లాడినదాన్ని, తొందరపడాల్సిన ఆ ఒక్కరోజు ఓపిక పట్టాను. దీనికి నన్ను నేను మన్నించుకోలేను.

కర్మాంతరాలు అయిన మర్నాడు పొద్దున, అన్న సామాను తెచ్చుకుందామని గుంట దగ్గరికి వెళ్లాను. పాకలో ఒక క్యారియరు, తువ్వాలు, మేకుకి గుచ్చిన పాత పొట్లం కాగితాలు ఉన్నాయి. మేత చల్లే అతను అప్పుడే ట్రే దించి వచ్చాడు. కూర్చోమని బల్ల తుడిచాడు. ఇంకో ఇద్దరు పనివాళ్లు వచ్చి గట్టు మీద కూర్చున్నారు. గుంటలోకి గాలి కలిపే ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ ఉన్నాయి. రెండు గంటలూ కూర్చున్నాను.

అతను లేచి తాడు లాగి ట్రే పైకెత్తాడు. మేత ఒక్క గింజ లేదు. ట్రే చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముగ్గురూ నా వైపు చూశారు. ఏమడుగుతున్నారో అర్థమైంది. ఇన్నేళ్లు సైన్సు చెప్పినదాన్ని, ఒక్కటీ గుర్తుకు రాలేదు. గుర్తున్నది ఒకటే.

"సముద్రపు తాబేలు గుడ్లు పెట్టేటప్పుడు ఏడుస్తుంది" అన్నాను. "మా అన్న కళ్లారా చూశాడు."

అతను తలూపి, ట్రే కడగడానికి నీళ్ల వైపు వంగాడు. రెండోది ఎవరూ అడగలేదు.