వంటవాడి కథ

ఇక్కడ జర్మనీలో, బ్రెమెన్‌లో వాన రోజున ట్రామెక్కితే తడిసిన ఉన్ని కోట్ల వాసన ముక్కుకు తగులుతుంది, అది తగిలినప్పుడల్లా బాపట్లలో మా పెదనాన్న గొంతు వినిపిస్తుంది. ఆయన డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. ఆరువందల ఏళ్ల కిందటి ఒక ఇంగ్లీషు కవి ద్రాక్షసారా వ్యాపారి కొడుకని, లండన్ రేవులో ఉన్ని మీద సుంకం వసూలు చేస్తూనే కావ్యాలు రాశాడని, యుద్ధంలో శత్రువులకు చిక్కితే రాజుగారే విడిపించారని, మేం అన్నం కలుపుకుంటుండగా చెప్పేవాడు.

వేసవి సెలవుల్లో, మాగాయ ముక్కలు ఎండిన చాపలు చుట్టేశాక, నీళ్లు చల్లిన డాబా ఇంకా సెగలు కక్కుతుండగా, తిని పారేసిన ముంజకాయల చుట్టూ ఈగలు ముసురుతుండగా, పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి ఆ కవి పెద్ద కావ్యాన్ని ఆడించేవాడు. అందులో యాత్రికులు దారిలో తలా ఒక కథ చెబుతారు. మాకూ తలా ఒక వేషం, కథ మాత్రం సొంతంగా అల్లుకోవాలి. బాగా చెప్పినవాళ్లను స్కూటర్ మీద సూర్యలంక తీసుకెళ్లేవాడు. అంత దగ్గర్లో ఉండి కూడా నేనప్పటికి సముద్రం చూడలేదు.

వేషాలు మొహాలు చూసి పంచేవాడు. తెల్లగా ఉండే తన కూతురు సుధకు సన్యాసిని వేషం. నా కాలికి ఆ వేసవిలో సెగ్గడ్డలు లేచి చీము కారుతుండేది.

"నువ్వు వంటవాడివే. కావ్యంలో వాడి కాలికీ పుండే. మేకప్పు అక్కర్లా," అన్నాడు.

అందరూ నవ్వారు. మా అమ్మ కూడా, బావగారి ముందు కాబట్టి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

సరే, వంటవాడే. రోలు దగ్గర పప్పు రుబ్బుతూ కథ అల్లుకున్నాను: పెళ్లివంటకు వెళ్తే తనను ఎంగిలి విస్తళ్ల పక్కన కూర్చోబెట్టిన వాళ్లకు ఒక వంటవాడు ఏం వడ్డించాడో. సుధ కథకు ఆవులించినవాళ్లు నా కథకు ముందుకు జరిగారు. వంటవాడు గుండిగ మూత తీయబోతుండగా పెదనాన్న చెయ్యెత్తాడు.

"చాల్లే, కూర్చో."

"ఇంకా అవలా పెదనాన్నా."

"అవదు. వంటవాడి కథని ఆ కవి సగంలోనే వదిలేశాడు. మహాకవి వద్దనుకున్నదాన్ని నువ్వు పూర్తిచేస్తావటే?"

"మరి వంటవాడు ఏం చేశాడు నాన్నా?" అంది సుధ.

"ఏం చేస్తాడు, పుండు గోక్కుంటాడు."

ఈసారి నవ్వు కిందింటి దాకా వినిపించింది. వేషం ఇచ్చిన రోజే ఆయనకు ఆ సంగతి తెలుసు, తెలిసే ఇచ్చాడు. సుధ స్కూటరెక్కి సముద్రానికి వెళ్లి, ఇసుక కాళ్లతో వచ్చి నా పక్కనే పడుకుంది. పెదనాన్న చేసినదాన్ని నేను మన్నించలేదు, మన్నించను.

ఆ డాబా లేదు, అక్కడ అపార్ట్‌మెంటు లేచింది. పెదనాన్న ఈమధ్యే పోయాడు. జిండెల్ఫింగెన్‌లో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే సుధ నిన్న ఫోన్ చేసింది.

"అక్కా, ఆదివారం ఏ టెర్మినూ, ఏ పనీ పెట్టుకోబాక. నాన్న కోసం అందరం ఆన్‌లైన్‌లో కలుస్తున్నాం, నువ్వు నీ వంటవాడి కథ చెప్పాలి. ఆ గుండిగలో ఏముందో నాకిప్పటికీ తెలీదు."

చెబుదామని నోరు తెరిచాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎవరు ముందు నవ్వారో, ఎవరి పళ్లు ఎలా కనిపించాయో అన్నీ గుర్తున్నాయి. గుండిగలో నేనేం పెట్టానో మాత్రం ఎంత తవ్వుకున్నా రాలేదు.

ఆదివారం కుదరదని చెప్పి ఫోన్ పెట్టేశాను.